లివర్‌పూల్ స్థలపురాణం

మన దేశంలో ఏ క్షేత్రానికి వెళ్ళినా గుడి మెట్ల దగ్గర స్థలపురాణం పుస్తకం అమ్ముతారు. స్వామి అక్కడ ఎందుకు వెలిశాడో, ఏ రాజుకు కలలో కనిపించాడో, ఎవరి పాపం ఎలా పోగొట్టాడో అందులో ఉంటుంది. స్వామిని గురించి ఒక్క మాట తక్కువగా ఉండదు. ఉంటే ఎవరు కొంటారు?

ఇంగ్లండులో లివర్‌పూల్ పట్టణానికి వెళ్ళినప్పుడు నాకు ఈ పుస్తకాలే జ్ఞాపకం వచ్చాయి. అక్కడా యాత్రికులున్నారు. వాళ్ళను తిప్పి చూపించే బస్సులున్నాయి. పటాలు, కప్పులు, తువ్వాళ్ళు అమ్మే దుకాణాలు బారులు తీరి ఉన్నాయి. కాని అక్కడ వెలసిన స్వాములు నలుగురు, నలుగురూ పాటగాళ్ళే. వారిలో ఒకడి మీద ఏడువందల పేజీల నిందాపురాణం కూడా అచ్చయింది. దాన్ని చూసి భక్తులు ఏం చేశారన్నది ఆ ఊరు తిరుగుతూ నేను తెలుసుకొన్న సంగతి. ఆలోచించవలసిన సంగతే గనుక పాఠకులకు కూడా చెబుతున్నాను.

మా అక్కయ్య కూతురు ఆ ఊళ్ళో పెద్ద చదువు చదువుతున్నది. కాలేజీకి వేసవి సెలవులివ్వగానే దాన్ని చూసి వద్దామని బయలుదేరాను. లండన్ నుంచి రైలులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. లైమ్ స్ట్రీట్ స్టేషనులో దిగేసరికి మా అమ్మాయి గొడుగు పట్టుకొని నిలబడి ఉంది.

"వేసవికాలంలో గొడుగేమిటే?" అన్నాను.

"ఇక్కడ వేసవి అంటే గొడుగు చాలు పిన్నీ. చలికాలమైతే గొడుగు ఎగిరిపోతుంది" అన్నది.

మెర్సీ నది సముద్రంలో కలిసేచోట కట్టిన రేవు అది. ఒకప్పుడు అమెరికా పత్తి, మన దేశపు పత్తి కూడా అక్కడి ధక్కాల మీదనే దిగేవి. 1846లో తెరిచిన ఆల్బర్ట్ డాక్ ఎర్రటి ఇటుక గోడలతో ఇప్పటికీ ఠీవిగా ఉన్నది. ఆ గిడ్డంగుల్లో ఇప్పుడు పత్తి లేదు. ప్రదర్శనశాలలూ, ఫలహారశాలలూ వెలిశాయి. ఊరికి ఇప్పుడు వచ్చే ఆదాయంలో పాటల వాటా తక్కువేమీ కాదు.

నేలమాళిగలో పాట

బీటిల్స్ పేరు వినని వారుండరు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ - నలుగురూ 1940, 1943 సంవత్సరాల మధ్య ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళే. 1962లో వారి మొదటి రికార్డు వచ్చింది. 1970లో విడిపోయారు. ఆ ఎనిమిదేళ్ళలో ప్రపంచమంతా వాళ్ళ పాట పాడింది. 1968లో రిషీకేశానికి వచ్చి మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ధ్యానం నేర్చుకొన్నారు. జార్జ్ అయితే పండిట్ రవిశంకర్ దగ్గర సితారు అభ్యసించాడు. మన వాళ్ళలో ఆనాటి పెద్దలకు వీళ్ళు పరిచయమైంది చాలావరకు ఆ వార్తల వల్లనే.

మాథ్యూ స్ట్రీట్ అనే ఇరుకు సందులో కేవర్న్ క్లబ్బు ఉన్నది. మెట్లు దిగుతూ నేలమాళిగలోకి వెళ్ళాలి. 1961 ఫిబ్రవరి నుంచి 1963 ఆగస్టు దాకా బీటిల్స్ ఇక్కడ సుమారు 300 సార్లు పాడారు. మధ్యాహ్నం భోజన విరామంలో ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలు రొట్టెముక్క చేతపట్టుకొని వచ్చి విని వెళ్ళేవారట. 1973లో రైల్వే పనుల కోసమని ఆ కట్టడాన్ని పడగొట్టారు. తీరా ఆ పని అక్కడ జరగనే లేదు. 1984లో పాత ఇటుకలు చాలా తీసుకొని, పాత స్థలంలోనే కొంత భాగం కలిసేటట్టుగా మళ్ళీ కట్టారు.

"ఇది అసలుది కాదు కదా?" అని మెల్లగా అడిగాను మా అమ్మాయిని.

పక్కన నిలబడ్డ ఒక పెద్దమనిషి ఆ ప్రశ్న మా ముఖాల్లోనే చదివినట్టున్నాడు. నవ్వి, "అసలుది కాదని ఇక్కడ అందరికీ తెలుసు. ఇటుకలు మాత్రం అసలువి" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు అంతగా పట్టలేదు. తరువాత తరువాత దాని విలువ తెలిసింది.

పెద్దమ్మ ఇల్లు

మరునాడు నేషనల్ ట్రస్టు వారి చిన్న బస్సులో రెండు ఇళ్ళు చూడడానికి వెళ్ళాము. ఇళ్ళు చిన్నవి గనుక కొద్దిమందినే తీసుకొని వెళతారు. టిక్కెట్లు ముందుగా కొనుక్కోవాలి. లోపల ఫోటోలు తీయనివ్వరు. అది ఒకందుకు మంచిదే. మనుషులు చేతిలో పెట్టెను కాక గోడల్ని చూస్తారు.

పాల్ పెరిగిన ఇల్లు ఫోర్త్‌లిన్ రోడ్డులో వరుస ఇళ్ళలో ఒకటి. నగరపాలక సంఘం వారు అద్దెకిచ్చిన ఇల్లు. తండ్రి పత్తి వ్యాపారంలో గుమాస్తా, ఇంట్లో పియానో వాయించేవాడు. తల్లి మంత్రసాని. పాల్‌కు పద్నాలుగేళ్ళప్పుడు, 1956లో, ఆమె కేన్సరుతో పోయింది. స్కూలు ఎగ్గొట్టి పాల్, జాన్ ఎదురెదురుగా కూర్చొని పాటలు కట్టిన ముందుగది నాలుగు కుర్చీలు వేస్తే నిండిపోయేటంత ఉన్నది.

జాన్ పెరిగిన ఇల్లు మెన్లవ్ ఎవెన్యూలో 251 నంబరుది. దానికి మెండిప్స్ అని పేరు. ఇంటికి నంబరే కాక పేరు కూడా ఉన్నదంటే కాస్త కలిగిన వాళ్ళన్న మాట. ముందు తోట, రంగు అద్దాల కిటికీలు, పుస్తకాల బీరువా, పింగాణీ పళ్ళాలు - మన ఊళ్ళలో ఒక హెడ్‌మాస్టరుగారిల్లు ఎంత పొందికగా ఉంటుందో అంత పొందికగా ఉన్నది. తండ్రి ఓడల్లో పనిచేస్తూ ఇల్లు పట్టకుండా పోయాడు. తల్లి జూలియా వేరే సంసారం పెట్టుకొన్నది. అందుచేత జాన్‌ను అయిదారేళ్ళ వయసు నుంచీ పెంచింది జూలియా అక్క మిమీ. అంటే మన వరసలో పెద్దమ్మ. క్రమశిక్షణ గల మనిషి. గిటారు మోత పడక పిల్లవాణ్ణి వీధి గుమ్మంలోని అద్దాల వసారాలోకి పొమ్మనేదట. ఆ వసారాలో నేనూ నిలబడి చూశాను. ఇద్దరు పడతారు, అంతే.

1958 జూలై 15న జూలియా ఈ ఇంటికి వచ్చి అక్కతో మాట్లాడి తిరిగి వెళుతూ, వీధిలోనే కారు కింద పడి చనిపోయింది. జాన్‌కు పదిహేడేళ్ళు. గైడు ఆ సంగతి చెప్పినప్పుడు బస్సులో వచ్చిన వాళ్ళెవ్వరూ మాట్లాడలేదు.

1970లో జాన్ శ్రామికవర్గపు వీరుణ్ణి గురించి ఒక పాట కట్టాడు. అది విన్న దూరదేశాల అభిమానులు ఆయన మురికివాడలో పెరిగాడని అనుకొన్నారు. అటువంటి వాళ్ళకు మెండిప్స్ ఇల్లు మొదటి దెబ్బ. ఇల్లు అబద్ధం చెప్పదు. జాన్ మధ్యతరగతి వాడు. నలుగురిలోకీ నిజంగా పేదరికంలో పెరిగింది రింగో.

ఈ పెద్దమ్మకూ, మన కథకూ ఒక ముఖ్యమైన సంబంధం ఉన్నది. 1968లో హంటర్ డేవిస్ అనే రచయిత బృందం అనుమతితో వారి జీవితచరిత్ర రాశాడు. జాన్ చిన్నతనంలో బూతులు మాట్లాడేవాడనీ, అల్లరిచిల్లరగా తిరిగేవాడనీ రాతప్రతిలో చూసి మిమీ అగ్గిమీద గుగ్గిలమైంది. పెద్దమ్మ మనసు కష్టపెట్టవద్దని జాన్ రచయితను కోరాడు. ఆయన ఆవిడతో మాట్లాడి, మెత్తపరిచి, కొంత సర్ది అచ్చు వేయించాడు. ఈ వైనమంతా డేవిస్ తరువాత తానే చెప్పుకొన్నాడు.

ముచ్చటేమంటే, రెండేళ్ళు తిరిగేసరికి జాన్ మనసు మారింది. 1970 చివర రోలింగ్ స్టోన్ పత్రికకు ఇచ్చిన పెద్ద ఇంటర్వ్యూలో ఆ పుస్తకం తమ బండారాలేవీ బయటపెట్టలేదనీ, తన చిన్నతనపు నిజాలను పెద్దమ్మ తీసివేయించిందనీ ఎకసెక్కెం చేశాడు. తామంత మంచివాళ్ళం కామని తానే చాటుకొన్నాడు. ఇది గుర్తుంచుకోవాలి. పొగడ్త పుస్తకం మీద మొదటి ఫిర్యాదు చేసింది శత్రువు కాదు, కథానాయకుడే.

ఏడువందల పేజీల నింద

1980 డిసెంబర్ 8న న్యూయార్కులో తన ఇంటి గుమ్మం దగ్గరే జాన్ తుపాకి గుండ్లకు బలి అయ్యాడు. నలభై ఏళ్ళవాడు. ప్రపంచమంతా దీపాలు వెలిగించి ఏడ్చింది. ఆ కన్నీళ్ళలో మనిషి కాస్తా మహాత్ముడైపోయాడు. శాంతి పాటలు నిలిచి, కోపిష్టి మనిషి మరుగున పడ్డాడు.

ఎనిమిదేళ్ళ తరువాత, 1988లో, ఆల్బర్ట్ గోల్డ్‌మన్ రాసిన జాన్ లెనన్ జీవితచరిత్ర వెలువడింది. గోల్డ్‌మన్ మా వృత్తివాడే. కొలంబియా విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధించినవాడు. అంతకు ముందు 1981లో ఎల్విస్ ప్రెస్లీ మీద ఇటువంటి పుస్తకమే రాసి అభిమానుల శాపనార్థాలు తిన్నాడు. జాన్ పుస్తకం కోసం ఆరేళ్ళు శ్రమించి 1,200 మందిని కలుసుకొన్నానని చెప్పుకొన్నాడు. అందులో జాన్ మత్తుమందులకు బానిస, చెయ్యి చేసుకొనే మనిషి, కడపటి సంవత్సరాల్లో గదిలోంచి కదలని జీవచ్ఛవం. మిత్రుడు స్టువర్ట్ సట్‌క్లిఫ్ 1962లో మెదడులో రక్తనాళం చిట్లి చనిపోతే, దానికి జాన్ తన్నిన తన్ను కారణం కావచ్చునని కూడా రాశాడు. దానికి రుజువు లేదు.

అభిమాన లోకం భగ్గుమన్నది. ఎవరూ ఆ పుస్తకం కొనవద్దని పాల్ మెకార్ట్నీ పిలుపునిచ్చాడు. జాన్ భార్య యోకో ఓనో కోర్టుకు వెళ్ళే ఆలోచన చేసి మానుకొన్నది. యూ-టూ అనే ఐర్లండు బృందం ఆ సంవత్సరమే విడుదల చేసిన ఒక పాటలో గోల్డ్‌మన్ పేరు పెట్టి దెప్పింది. ఇంత గొడవ జరిగినా పుస్తకం బాగానే అమ్ముడుపోయింది. గొడవ జరగబట్టే అమ్ముడుపోయిందన్న వాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లండులో గాని, అమెరికాలో గాని చచ్చిపోయిన వాడికి పరువు నష్టం దావా లేదు. బతికున్న వాణ్ణి ఒక్క మాటంటే వకీలు నోటీసు వస్తుంది. చనిపోయిన వాణ్ణి ఏడువందల పేజీలు తిట్టినా కాగితం ఖర్చే. అందుచేత మృతుడికి మిగిలిన వకీళ్ళు అభిమానులే. ఆ వకాల్తా వాళ్ళు ఎలా నడిపారన్నదే ప్రశ్న.

ఇద్దరు వకీళ్ళు

మెండిప్స్‌కు కొద్ది దూరంలోనే స్ట్రాబెర్రీ ఫీల్డ్ ఉన్నది. సాల్వేషన్ ఆర్మీ వారి అనాథ బాలల ఆశ్రమం ఉండిన తోట అది. జాన్ గోడ దూకి ఆడుకొన్న చోటు. 1967లో ఆయన పాటతో ఆ పేరు లోకమంతా తెలిసింది. ఆశ్రమం 2005లో మూతపడింది. 2019లో దాన్ని యాత్రికుల కోసం తెరిచారు. చదువు నేర్వడంలో ఇబ్బంది ఉన్న యువకులకు అక్కడ పని నేర్పుతారు. తోటలో ఒక ఫలహారశాల కూడా ఉన్నది. పొద్దుటి బస్సులో మాతో వచ్చిన ఇద్దరు అక్కడ కనిపించి, మా బల్ల దగ్గరనే కూర్చున్నారు. ఒకావిడకు ఎనభై ఏళ్ళకు దగ్గరగా ఉంటాయి. ఈ ఊరావిడే, ఇప్పుడు కూతురి దగ్గర వేరే ఊళ్ళో ఉంటున్నది. రెండో ఆయన హాలండు దేశస్థుడు, పద్దుల గుమాస్తాగా చేసి పెన్షను తీసుకొంటున్నాడు.

ఆవిడ పదహారేళ్ళ వయసులో టైపిస్టుగా పనిచేస్తూ, భోజన విరామాల్లో కేవర్న్‌కు వెళ్ళి విన్న మనిషి. గోల్డ్‌మన్ పుస్తకం మాట నేను ఎత్తగానే టీకప్పు కింద పెట్టేసింది.

"నేను దాన్ని చదవలేదు, చదవను. వచ్చిన కొత్తల్లో పుస్తకాల షాపుకు వెళ్ళి, బీరువాలో ఉన్న ప్రతులన్నీ పేరు కనిపించకుండా గోడవైపు తిప్పి వచ్చాను. మూడు శనివారాలు అదే పని. షాపతను చూసి కూడా ఏమీ అనలేదు. జాన్ లేచి వచ్చి సమాధానం చెప్పలేడు కదమ్మా. మేమైనా ఏదో ఒకటి చెయ్యవద్దూ?"

ఆ పదహారేళ్ళ పిల్ల ఎనభైయ్యో పడిలో కూడా ఆమె కళ్ళలో ఉన్నది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

హాలండు ఆయన దారి వేరు. "నేను కొన్నాను. కొని పెన్సిలు పట్టుకొని కూర్చొన్నాను. నిజమని తేలిన దానికి టిక్కు, తప్పని తేలిన దానికి ఇంటూ, తేలని దానికి ప్రశ్నార్థకం. రెండేళ్ళు పట్టింది. తారీకులూ, ఊళ్ళూ, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో - అన్నీ సరిచూశాను. మా ఆఫీసులో పద్దులు తనిఖీ చేసినట్టే."

"ఇంటూలు ఎక్కువా, టిక్కులు ఎక్కువా?" అని అడిగింది మా అమ్మాయి.

"అన్నిటికన్నా ప్రశ్నార్థకాలు ఎక్కువ. ఒకే సాక్షి మాట మీద ఆధారపడ్డవి. కాని టిక్కులూ ఉన్నాయి. అవి పెట్టేటప్పుడు చెయ్యి ఆడేది కాదు."

ఈ పెద్దమనిషి పద్ధతే పత్రికలవారూ అవలంబించారు. 1988 అక్టోబరులో రోలింగ్ స్టోన్ పత్రిక విలేకరులు గోల్డ్‌మన్ పేర్కొన్న సాక్షుల్లో పలువురిని మళ్ళీ కలిసి, వాళ్ళ మాటలు ఎక్కడెక్కడ వంకర తిరిగాయో పెద్ద వ్యాసం రాశారు. ఆ పుస్తకం పరపతి పోగొట్టింది కేకలు కాదు, ఇటువంటి లెక్కలే. అంతేకాదు, తరువాత ఈ చరిత్ర రాసేవాళ్ళకు ఒక భయం, ఒక భక్తి ఏర్పడ్డాయి. 2013లో మార్క్ లూయిసన్ ప్రచురించిన మొదటి సంపుటం 1962 చివర దాకా వచ్చి ఆగుతుంది. అంటే బీటిల్స్ లోక ప్రసిద్ధులు కాక ముందటి కథే అంత లావు పుస్తకం. ప్రతి సంగతికీ కాగితం చూపిస్తాడు. జాన్ దుడుకుతనాన్ని ఆయనా దాచలేదు. అయినా అభిమానులు ఆయన్ను నెత్తిన పెట్టుకొన్నారు.

ఫిలిప్ నార్మన్ అనే మరొక రచయిత 1981లో రాసిన బీటిల్స్ చరిత్రలో జాన్‌ను ఆకాశానికెత్తి పాల్‌ను చిన్నబుచ్చాడని పాల్ అభిమానులు నొచ్చుకొన్నారు. పాల్ కూడా నొచ్చుకొన్నాడు. 2016లో అదే నార్మన్ పాల్ జీవితచరిత్ర రాస్తూ, అప్పట్లో తాను అన్యాయం చేశానని ఒప్పుకొన్నాడు. నడుమ 2008లో ఆయనే రాసిన జాన్ చరిత్ర యోకోకు నచ్చలేదు. అందరికీ నచ్చే జీవితచరిత్ర ఉండదు కాబోలు. నచ్చకపోవడం వేరు, తప్పు కావడం వేరు. ఈ భేదం తెలిసినవాడే మంచి అభిమాని.

మా అమ్మాయి ప్రశ్న

మా అమ్మాయి ఊరుకోలేదు. "గోల్డ్‌మన్ సంగతి వదిలెయ్యండి. ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకొన్నాడన్నది నిజమా, కాదా?" అని సూటిగా అడిగింది.

బల్ల దగ్గర నిశ్శబ్దం. టైపిస్టుగా పనిచేసిన పెద్దావిడే చివరకు నోరు విప్పింది.

"నిజమే. అతనే చెప్పాడు" అన్నది.

అవును. 1980లో చనిపోయే ముందు ప్లేబాయ్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో జాన్ ఈ మాట దాచకుండా చెప్పాడు. మగవాళ్ళతో కలబడ్డాననీ, ఆడవాళ్ళను కొట్టాననీ, తన మనసులోది చెప్పుకోవడం చేతకాక చేతులకు పని చెప్పేవాణ్ణనీ ఒప్పుకొన్నాడు. 1967లో వచ్చిన 'గెటింగ్ బెటర్' అనే పాటలో ఒక చరణం తన సొంత కథేనన్నాడు. మొదటి భార్య సింథియా కూడా 2005లో రాసిన పుస్తకంలో, కాలేజీ రోజుల్లో అసూయతో తనను చెంపదెబ్బ కొట్టాడనీ, తాను దూరమైతే కొన్ని నెలల తరువాత క్షమాపణ అడిగాడనీ, మళ్ళీ ఎన్నడూ కొట్టలేదనీ రాసింది.

ఇరవై ఒక్కేళ్ళ తరువాత గోల్డ్‌మన్ ఏదో రహస్యం తవ్వి తీసినట్టు రాసిన సంగతి, 1967 నుంచీ ఇంటింటా మోగుతున్న పాటలోనే ఉన్నది. కోట్ల మంది విన్నారు, పాడారు, చప్పట్లు చరిచారు. విన్నది చెవిలో పడలేదు. స్వామివారి పాట గదా!

"మరి మీకేమీ అనిపించలేదా?" అన్నది మా అమ్మాయి. దాని గొంతులో కాఠిన్యం ఉన్నది. దాని వయసుకు అది ఉండవలసిందే.

పెద్దావిడ కాసేపు ఆలోచించింది. "అనిపించింది తల్లీ. మా ఆయనకూ చెయ్యి దురుసే. ఎన్నడూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే పోయాడు. అందుకని ఒప్పుకొన్నవాణ్ణి నేను వదల్లేకపోయాను. నువ్వు వదిలేస్తే తప్పనను."

నాకు మాట తోచలేదు. మా అమ్మాయి లేచి వెళ్ళి ఆవిడ కప్పులో మళ్ళీ టీ పోయించి తీసుకొని వచ్చింది. "పాటలు వింటాను. కాని ఆయన పటం మాత్రం గదిలో తగిలించుకోను" అన్నది. ఆవిడ నవ్వి, "అది న్యాయమే" అన్నది.

క్లాసులో కవుల జీవితాలు చెప్పేటప్పుడు నాకూ ఈ చిక్కు వస్తూనే ఉంటుంది. మనం కవుల చుట్టూ చాటువులూ, కథలూ అల్లుకొని, అవే చరిత్ర అని చాలాకాలం మురిసిపోయాము. వీరేశలింగంగారు కవుల చరిత్ర రాస్తూ ఆ కట్టుకథల్ని పరీక్షకు పెట్టారు. శ్రీశ్రీ 'అనంతం'లో తన బలహీనతలను తానే రాసుకొన్నాడు. అది చదివి ఆయన కవిత్వం మానేసిన వాళ్ళను నేను చూడలేదు. కాని "కవి అంతటివాడు కదా, పోనీలెండి" అని తప్పును కూడా ఒప్పు చేసేవాళ్ళను చూశాను. అది అభిమానం కాదు, సోమరితనం. దెబ్బ తిన్న మనిషి ఒకరున్నారన్న సంగతి ఆ "పోనీలెండి"లో కొట్టుకొనిపోతుంది.

ఊరి ఒప్పుకోలు

మూడోరోజు పెన్నీ లేన్‌కు వెళ్ళాము. అదీ పాట వల్ల పేరొందిన వీధే. యాత్రికులు వీధిపేరు పలకలను ఊడబెరుక్కొని పోతుంటే నగరపాలకులు విసిగిపోయారట. 2020 జూన్‌లో ఆ పలకల మీద ఎవరో రంగు పూశారు. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ పెన్నీ అనే బానిసల వ్యాపారి ఉండేవాడనీ, వీధికి అతని పేరే పెట్టారనీ వాదం. ఊరు రెండుగా చీలింది. పాటకు అపచారమని కొందరు, పేరు తీసివేయాలని కొందరు. అప్పుడు ఆ ఊరి అంతర్జాతీయ బానిసత్వ ప్రదర్శనశాలవారు పాత కాగితాలు వెతికించి, ఆ వీధికీ ఆ వ్యాపారికీ సంబంధం ఉన్నట్టు ఆధారమేదీ లేదని తేల్చి, అంతకు ముందు తమ ప్రదర్శనలో ఉంచిన ఆ వీధిపేరును తామే తొలగించారు.

అంతమాత్రాన ఊరు నిర్దోషి అని కాదు. బానిసల వ్యాపారం సాగిన కాలంలో ఇంగ్లండుకంతటికీ పెద్ద రేవు లివర్‌పూలే. చూడచక్కని మేడలెన్నో ఆ డబ్బుతో లేచినవే. 1999 డిసెంబరులో నగర సభవారు సమావేశమై ఆ పాపానికి బాహాటంగా క్షమాపణ చెప్పారు. 2007లో ఆ చరిత్ర చూపించే ప్రదర్శనశాలను తెరిచారు. ఊరిని గురించి అంతకన్న నింద ఏ రచయితా రాయలేడు. ఊరే రాసుకొన్నది. ఆధారం లేని నిందను కొట్టివేసి, ఆధారం ఉన్న నిందను తలమీద పెట్టుకొన్నది. హాలండు గుమాస్తా పెన్సిలుతో చేసిన పని ఇదే గదా!

ఆ సాయంత్రం వూల్టన్‌లోని సెంట్ పీటర్స్ చర్చికి వెళ్ళాము. 1957 జూలై 6న ఆ చర్చి తిరునాళ్ళలో జాన్, పాల్ మొదటిసారి కలుసుకొన్నారు. చర్చి తోటలో ఎలనార్ రిగ్బీ అని పేరు చెక్కిన సమాధి ఒకటి ఉన్నది. 1939లో చనిపోయిన ఒక సామాన్య స్త్రీ. పాల్ 1966లో కట్టిన పాటకు పేరు ఇక్కడినుంచే వచ్చిందని అభిమానులు పూలు పెడతారు. తాను ఆ రాయి చూసి పేరు పెట్టలేదని పాల్ చెప్పాడు. ఎప్పుడో చూసినది మనసు లోపల ఉండిపోయిందేమో చెప్పలేనన్నాడు. ఆ రాయి ముందు కూడా తాజా పూలున్నాయి. ఇక్కడ ఇంటూ పెట్టాలో, ప్రశ్నార్థకం పెట్టాలో హాలండు ఆయన్నే అడగాలి. పూలు పెట్టినందువల్ల ఎవరికీ నష్టం లేదు.

వెళ్ళదలచిన పాఠకులకు ఒక మాట. కేవర్న్‌కు రాత్రి కంటే మధ్యాహ్నం వెళితే రద్దీ తక్కువ. ఇళ్ళు చూసే బస్సుకు ముందుగానే టిక్కెట్టు తీసుకోండి. గొడుగు మరవకండి. నది దాటే పడవ ఎక్కితే ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, బస్సులో పక్కన కూర్చొన్న ముసలివాళ్ళను పలకరించండి. గైడు చెప్పనివి వాళ్ళు చెబుతారు.

మా అమ్మాయి నన్ను విమానం ఎక్కించడానికి లండన్ దాకా వచ్చింది. రైలు కదిలాక తన ఫోనులో 'గెటింగ్ బెటర్' పెట్టి ఒక తీగ నా చెవికిచ్చింది, ఒకటి తన చెవికి పెట్టుకొన్నది. పాట హుషారుగా ఉన్నది, కాలు తాళం వేస్తుంది. ఆ చరణం వచ్చినప్పుడు ఇద్దరమూ తాళం ఆపి విన్నాము. పాట పూర్తయింది. మా అమ్మాయి తీగ తీయలేదు. తరువాతి పాట కూడా విన్నాము.